అవ్వ రూపాయి, బావ యాష్‌ట్రే

మా అవ్వ, అంటే నాయనమ్మ, నొసట యాష్‌ట్రేతో కాటికి వెళ్ళింది. కామారెడ్డిలో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు. అది నా నిర్వాకమని తెలియనివాళ్ళు అసలే లేరు. ఎట్లా జరిగిందో చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వండి. ఎవరెవరు నవ్వారో నేను గుర్తుపెట్టుకుంటాను.

దీనికంతటికీ మూలం ఎల్లారెడ్డి బావ, మా అక్క భర్త. నా పెండ్లిలో ఆయన చదివించిన స్టీలు పళ్ళెం మీద ఎవరో జుక్కల్ దంపతుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఇదేమిటని అడిగితే, "పేరు తింటవా, అన్నం తింటవా బామ్మర్ది?" అన్నాడు. పందిరంతా నవ్వింది. ఆ పళ్ళెంలో అన్నంతోపాటు ఆ నవ్వును కూడా ఏళ్ళ తరబడి నమిలాను. ఎనభైల్లో ఆయన కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశానికి పిలిచాడు. తల దించుకునేంత గొప్ప కానుక ఇచ్చి బావ పరువు తీయాలని నిశ్చయించుకున్నాను.

కామారెడ్డి బజారులో ఖాజా భాయి దుకాణంలో అలాంటి సరుకు ఉండేది. గాజులా మెరిసే గట్టి ముద్దలో పాత నాణేలు పెట్టి పోసిన పెన్నుల స్టాండ్లు, గోడ గడియారాలు, యాష్‌ట్రేలు. వాటిలో చిల్లు కానీలు తేనెలో పడ్డ ఈగల్లా కదలకుండా ఉండేవి.

"మంచి సిక్కా మీరే తెస్తే నడుమల పెట్టి పోస్తా భాయ్," అన్నాడు.

"ఊడితే?"

"ఖయామత్ దాకా ఊడదు. నాది గ్యారంటీ."

మా ఇంట్లో ఉన్న మంచి నాణెం ఒక్కటే. అవ్వ పెట్టెలో ఎర్రగుడ్డలో ముడివేసిన హాలీ సిక్కా, చార్మినారు బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి రూపాయి. తాత ఇచ్చింది. పోయినవాళ్ళ నొసట రూపాయి బిళ్ళ పెట్టడం మా దిక్కు ఆచారం. తన నొసటికి ఆ రూపాయే పెట్టాలని అవ్వ ఇంటిల్లిపాదికీ చెప్పింది. నాకూ చెప్పే ఉంటుంది. నాకేమో నన్ను తిట్టిన మాటలు తప్ప మరేవీ గుర్తుండవు. అవ్వ పక్కింటికి వెళ్ళినప్పుడు ముడి విప్పి, ఖాళీ గుడ్డను మళ్ళీ ముడివేసి, రూపాయిని ఖాజా భాయికి అప్పగించాను.

గృహప్రవేశం రోజు బావ యాష్‌ట్రేను అటూ ఇటూ తిప్పి చూశాడు. తల దించుకోలేదు. అందులో బీడీ బూడిద రాల్చి, "పనికొస్తది," అన్నాడు.

ఆ ఎండాకాలమే ఒక పొద్దున అవ్వ పోయింది. అమ్మ పెట్టె తెరిచి ముడి విప్పింది.

"రూపాయి ఏది?"

చెప్పాను. శవం చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపి నావైపు చూశారు. అవ్వ ఒక్కతే చూడలేదు.

"కొత్త బిళ్ళ పెట్టుండ్రి," అన్నాడు బాపు, అంటే మా నాన్న.

"వద్దు," అంది అమ్మ. "కొత్త బిళ్ళతోని పోతే మీ మామ నన్ను గుర్తువట్టడు అని అత్త నా చెయ్యి పట్టుకొని చెప్పింది. గదే కావాలె."

"పొద్దుగూకకముందు తే," అన్నాడు బాపు నాతో. కన్నతల్లి శవం ముందు అంతకంటే గట్టిగా తిట్టలేకపోయాడు.

స్కూటరు అడుక్కుని ఎల్లారెడ్డి వెళ్ళాను. అక్కా బావా బయలుదేరబోతున్నారు.

"ఇచ్చినోడే మల్ల గుంజుకుంటడా బామ్మర్ది?"

"అవ్వ నొసటికి బావా."

"నొసటికి యాష్‌ట్రేనా?"

"లోపలి రూపాయి."

"ఎట్ల తీస్తవు? సచ్చినా ఊడదని నువ్వే గదా మందిల చెప్పినవు."

ఇంటికి తెచ్చి రోకలితో మోదాము. రోకలి పగిలింది. ఉలి పెడితే ఉలి జారి బాపు బొటనవేలు చీరింది. ఖాజా భాయిని పిలిపించాము. ఆయన అవ్వకు సలాం చేసి, యాష్‌ట్రేను వెలుతురుకు పట్టి చూసి, "చెప్పిన గదా భాయ్," అన్నాడు. చావింట్లో అంత సంతోషం ఎవరి ముఖంలోనూ చూడలేదు.

పొద్దు వాలుతోంది. బాపు యాష్‌ట్రేను తువ్వాలతో తుడిచి, అవ్వ నొసట పెట్టి, జారకుండా తెల్లగుడ్డతో కట్టాడు.

సగం దారిలో దింపుడు కల్లం. అక్కడ పాడె దింపి, ప్రాణం ఏ మూలనైనా మిగిలిందేమోనని చెవిలో పిలుస్తారు. బాపు ఒక చెవి దగ్గర వంగి తల్లిని "అవ్వా, అవ్వా" అని పిలుస్తున్నాడు. రెండో పక్క గొంతుక్కూర్చున్న బావ బీడీ పీలుస్తూ ఎటో చూస్తున్నాడు. అట్లా చూస్తూనే చెయ్యి చాపి, అవ్వ నొసట బూడిద రాల్చాడు.

"బావా, అది అవ్వ," అన్నాను.

"అలవాటైంది బామ్మర్ది. నువ్విచ్చిందే గదా."

బాపు భుజాలు అదిరాయి. ఏడుపే అని అందరూ అన్నారు. నవ్వు నాకు తెలుసు.

చితి మీద ఆ ముద్ద నల్లటి పొగ కక్కింది. వచ్చినవాళ్ళు దగ్గుతూ నా వంశాన్ని తలుచుకున్నారు. మూడోరోజు అస్థికలు ఏరుతుంటే బూడిదలో రూపాయి ఒక్కటే, నల్లగా, విడిగా దొరికింది. అమ్మ దాన్ని కొంగుతో తుడిచి అస్థికల కుండలో వేసింది. మంజీరలో కలిపాము. తాత గుర్తుపట్టే ఉంటాడు. ఆ కమురు వాసన ఏమిటని అడిగితే అవ్వ నా పేరు చెప్పే ఉంటుంది.

బావ మాత్రం తనకిచ్చిన కానుకను నేను కాల్చేశానని ఎల్లారెడ్డి అంతా ఇప్పటికీ చెప్పుకు తిరుగుతున్నాడు.

కాబట్టి తలస్నానం చేసి, తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నాణెం పొదిగిన వస్తువు ఎవరికీ ఇవ్వను. బావ నొసటికి మామూలు రూపాయి బిళ్ళ, దేనిలోనూ ఇరికించకుండా, జేబులో పెట్టుకునే తిరుగుతున్నాను. ఆయన ఆరోగ్యంగానే ఉన్నాడు. నాకేం తొందర లేదు.