అల్లుడు వడ్డించకూడదు

మధ్యాహ్నం పన్నెండూ పదికి రాజమండ్రిలో ఒక కల్యాణ మండపంలో మూడో బంతికి ఆకులు వేశారు. ఆ పెళ్లివారు మాకు తెలిసినవాళ్లు కాదు. మావారు మాత్రం చొక్కా చేతులు మడిచి, భుజాన తువ్వాలు వేసుకుని, బూరెల పళ్లెం పట్టుకుని నిలబడ్డారు.

ఆయన ధవళేశ్వరంలో నీటిపారుదల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. ఇది తొంభైల మధ్య సంగతి. అంతకు కొన్నాళ్ల ముందు ఆయనతో పనిచేసేవాళ్లు మా వరండాలో టీ తాగుతూ, డబ్బు బెంగ లేకపోతే ఎవరు ఏ పని చేస్తారని మాట్లాడుకున్నారు. ఒకాయన నాటకాలు వేస్తానన్నారు. ఇంకొకాయన హోమియో మందులిస్తానన్నారు.

"నేను పెళ్లిళ్లలో వడ్డిస్తానండి" అన్నారు మావారు.

"ఎప్పుడైనా సరదాకాండీ?"

"కాదండి. ఉద్యోగంలాగే. పొద్దున్నే స్నానం చేసి వెళ్లిపోతాను."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆయన వైపు బంధువులు తక్కువ. మా పుట్టింటి వైపు, మండపేట చుట్టుపక్కల, ఏటా బోలెడు పెళ్లిళ్లు. అక్కడేమో ఆయన అల్లుడు. అల్లుడు మొదటి బంతిలో కూర్చుని తినాలి గాని గరిటె ముట్టుకోకూడదు. ఒకసారి నీళ్ల జగ్గు ఎత్తితే మా బాబాయి పరిగెత్తుకొచ్చి లాక్కున్నాడు. "మీరు కూర్చోండి బాబూ, మా పరువు తీయకండి." పెళ్లయిన నాటి నుంచి ఆయనకి తిండికీ మర్యాదకీ లోటు లేదు. పని మాత్రం దొరకలేదు.

ఆ రోజు కళ్లజోడు కోసం టౌనుకి వచ్చాం. దారిలో సన్నాయి వినబడింది. "నువ్వెళ్లి ఆడవాళ్లలో కూర్చో" అని ఆయన నేరుగా వంటల వైపు నడిచారు. మగపెళ్లివారు ఆయన్ని ఆడపెళ్లివారి మనిషనుకున్నారు. ఆడపెళ్లివారు మగపెళ్లివారి మనిషనుకున్నారు. "మగపెళ్లివారిలో ఇలా పనిచేసేవాళ్లు కూడా ఉంటారా!" అని నా పక్కావిడ ఆశ్చర్యపోయింది. నేను సంచిలోంచి పుస్తకం తీసి అందులో తల దూర్చాను.

వడ్డనంటే గిన్నె మోయడం కాదని ఆయన అనేవారు. తినేవాడు ఎలాగూ వద్దంటాడు. గాల్లో చెయ్యి ఊపితే వెయ్యమని. ఆకు మీద చెయ్యి పెడితే కొంచెం వెయ్యమని. తల అడ్డంగా ఊపుతూ మజ్జిగ వైపు చూస్తే, అప్పుడు నిజంగా చాలని.

మూడో బంతి చివర మా బాబాయి కూర్చుని ఉన్నాడు. ధాన్యం వ్యాపారి కావడంతో బాబాయికి ప్రతి ఊళ్లోనూ పిలుపులే.

"అల్లుడుగారా! మీరేంటండీ ఇక్కడ?"

"బూరె వెయ్యనా మావయ్యగారూ?"

"ముందా పళ్లెం కింద పెట్టండి. మనవాళ్లెవరైనా చూస్తే?"

"బూరెకి చిల్లు పెట్టి ఉంచండి. నెయ్యి వస్తోంది."

లేచి లాక్కుందామంటే, బంతిలో ఒకరు తింటుండగా ఇంకొకరు లేవడం మర్యాద కాదు. పక్కనున్న పెద్దాయనకి పళ్లు లేవు. గారెతో నింపాదిగా కుస్తీ పడుతున్నాడు. బాబాయి ఇరుక్కుపోయాడు. మావారు పులిహోర తెచ్చారు, పనసపొట్టు కూర తెచ్చారు, మళ్లీ బూరెలు తెచ్చారు. బాబాయి రెండు చేతులూ ఆకు మీద పరిచాడు.

"ఇది కోపంతో వద్దనడమండి, కడుపు నిండి కాదు" అని మావారు మిగిలిన చోట ఇంకో బూరె పెట్టారు.

ఇదంతా చూసి పెళ్లికూతురి తండ్రి దగ్గరకొచ్చాడు. "ఈయన మీవాళ్లాండీ?" అని బాబాయిని అడిగాడు.

అవునంటే అల్లుడి చేత ఎంగిలాకుల మధ్య చాకిరీ చేయించారని సాయంత్రానికల్లా మండపేటలో చెప్పుకుంటారు. కాదంటే ఎవరో ముక్కూ మొహం తెలియనివాడని బయటికి పంపేస్తారు. ఎలా చూసినా పళ్లెం పోయేలాగే ఉంది. మావారు దాన్ని గుండెకి ఆనించుకుని నిలబడ్డారు. ఆయన్ని ఇంక్రిమెంటు ఆగినప్పుడు కూడా అలా చూడలేదు.

బాబాయి మావారి వైపు ఒక్క చూపు చూశాడు.

"ఎప్పుడూ చూళ్లేదండి" అన్నాడు. ఆకులో బూరె తుంచుతూ, "చెయ్యి మాత్రం మంచిదండి. ఉంచుకోండి" అన్నాడు.

నాలుగో బంతికి ఆయన చేతికి నేతి గిన్నె ఇచ్చారు.

తర్వాత మా ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి. "ఆదివారం రావులపాలెంలో పెళ్లుందండి. మొదటి బంతి పదకొండింటికి. నేనూ వస్తున్నాను. మిమ్మల్ని ఎరగను." ఇంత చెప్పి బాబాయి పెట్టేసేవాడు. ఎరగనివాళ్లుగానే ఇద్దరూ చాలా పెళ్లిళ్లు చేశారు. మా పుట్టింట్లో మాత్రం ఆయన చివరిదాకా కూర్చునే తిన్నారు.

మావారు కాలం చేసిన ఏడాది బాబాయి మనవరాలి పెళ్లికి కేటరింగ్ మాట్లాడారు. ఇప్పుడు మా వైపు పెళ్లిళ్లలో బంధువులు వడ్డించరు.