సంచికి రెండో కాడ

ఇవాళ ఆదివారం. మా ఇంటి కింది వాటాలో ఉండే పెద్దాయన పోయి పన్నెండో రోజు. పొద్దున టీ తాగి మంచం మీద నడుం వాల్చిన మనిషి మళ్లీ లేవలేదు. నిన్న పదకొండో రోజు కార్యానికి వెళ్లినప్పుడు ఆయన భార్య నాకొక సంగతి చెప్పింది. అది విన్నాక ఆయన గురించి రాయకుండా ఉండలేకపోయాను.

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. నేను ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూసి రిటైరయ్యాను. ఆరేళ్ల క్రితం, డాబా పాడుచేస్తున్నాయని నేను పావురాలను తిడుతుంటే ఆయన మెట్ల మీద నుంచి విన్నారు.

"పావురాలను తిట్టుడు కాదు మేడమ్, ఒక్కసారి నాతోని మూసీ ఒడ్డుకు రండ్రి. పిట్టలంటే ఏందో చూపిస్త."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అమీర్‌పేటలో మొదటి మెట్రో ఎక్కి నాగోల్‌లో దిగేవాళ్లం. అక్కడి నుంచి నది వెంబడి మట్టి బాట. నోటుబుక్కు నాది. తేదీ, వేళ, పిట్ట పేరు, ఎన్ని. పైన "ఇద్దరం చూసినవి" అని శీర్షిక. ఆయన పేరు చెప్పి చెయ్యి చూపేవారు. నేను నా కళ్లతో చూసుకుంటే గాని రాసేదాన్ని కాదు. ఆయన చెప్పింది ఒక్కటీ కొట్టేయాల్సి రాలేదు. లకుముకి, తీతువు, జెముడుకాకి, ఏదైనా నాకంటే ముందే పట్టేసేవారు. ఎలాగని అడిగితే నవ్వేవారు.

"బస్సు గేటు దాటి లోపలికి వస్తుంటెనే దాని రోగం చెప్పెటోన్ని మేడమ్. పిట్టదెంత? చూసే ముందు జర ఊకుండాలె, గంతే."

నాకు ఊరుకోవడం తెలియదు. ఈ రెండేళ్లలో ఆయనను మూడు విషయాలకు ప్రతి వారం మందలించాను.

ఒకటి, సంచి. అందులో నోటుబుక్కు, నీళ్ల సీసా తప్ప ఏమీ ఉండవు. అయినా నేను ఒక కాడ పట్టుకుంటే రెండోది ఆయన పట్టుకునేవారు. "ఇంత బరువుకి ఇద్దరెందుకండీ?" అంటే, "ఉండనీ మేడమ్, పుణ్యం నాకు సుత రానీ" అనేవారు.

రెండు, బైనాక్యులర్స్. మూత తీయకుండానే కళ్ల దగ్గర పెట్టుకునేవారు. "ముందు మూత తీయండి!" అని ఎన్నిసార్లు అరిచానో. "తీస్తే పిట్ట సిగ్గుపడ్తది" అనేవారు.

మూడు, కొంగలు. ఎదురుగా నీళ్లలో తెల్లగా నిలబడి ఉంటే ఒక్కటీ చెప్పేవారు కాదు. "కొంగలేమన్న కొత్తనా? మీరే రాసుకోండ్రి."

నిన్న ఆయన భార్య ఆ బైనాక్యులర్స్ తెచ్చి నా చేతిలో పెట్టింది. మూత అలాగే ఉంది.

"ఎప్పుడూ మరిచిపోయేవారు" అన్నాను.

ఆమె ఏడుస్తూనే నవ్వింది. "మరిచిపోలే అమ్మా. ఆయనకు రెండేండ్ల నుంచి కండ్లు కనిపిస్తలేవు. వెలుతురు జర తెలుస్తుండె, గంతే. డాక్టరు ఇగ చూపు రాదన్నడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీకు చెప్తే తోల్కపోరని భయపడ్డడు. మా మేడమ్‌కు రూలంటే రూలే అన్నడు. పిల్లలకు సుత చెప్పనియ్యలే. ఆదివారం ఒక్కటి గుంజుకుంటే నేనెట్ల బతుకుత అన్నడు."

నాకు ముందుగా ఆ మట్టి బాట గుర్తొచ్చింది. ఆ బాటలో ఒకచోట గట్టు విరిగి, కింద బండలూ నీళ్లూ ఉంటాయి. అక్కడ నేను ప్రతిసారీ కుడికి జరిగేదాన్ని. కాడ పట్టుకున్న ఆయనా కుడికి జరిగేవారు. అంతే జరిగింది రెండేళ్లపాటు. ఒక్కసారీ జారలేదు.

ఇంటికొచ్చి పుస్తకం మొదటి నుంచి తిరగేశాను. అంకె ఏదీ తప్పు కాదు. ఆయన తన మంచం మీద పోయారు, నీళ్లలో కాదు. ఇంకొక మాట కూడా దాచకుండా రాస్తాను. నాకు తెలిసి ఉంటే తప్పకుండా ఆపేసేదాన్ని, ఆయన మంచికేనని చెప్పి మరీ. రెండేళ్ల ఆదివారాలు నా చేతుల మీదుగా పోయేవి. నాకు తెలియనివ్వకపోవడమే ఆయన నాకు చేసిన మేలు.

ఇక జరగవలసినవి:

1. పుస్తకంలో ఈ రెండేళ్ల శీర్షిక దిద్దాలి. "ఆయన విన్నవి, నేను చూసినవి."

2. వచ్చే ఆదివారం ఆయన భార్యను తీసుకెళ్లాలి. అడిగాను. "నాకు కాకి తప్ప ఏం తెల్వదమ్మా" అంది. కాకితోనే మొదలుపెడతాం.

3. సంచికి రెండో కాడ ఆమెకివ్వాలి.

4. విరిగిన గట్టు దాటాక మాట్లాడకుండా నిలబడాలి. నేను కూడా.

5. ఆ తర్వాత, ఎడమవైపు నీళ్లలో, ఒంటికాలి మీద చప్పుడు చేయకుండా నిలబడి ఒక తెల్లకొంగ ఉంటుంది. అది అక్కడుందని పైకి చెప్పాలి.