ఆంటీ వంతు

మా హాస్టల్ ఆంటీ పోయిందని మంగళవారం పొద్దున ఆఫీసుకి ఫోన్ వచ్చింది. రిసెప్షన్ దగ్గర నిలబడి రిసీవర్ చెవికి పెట్టుకుంటే అవతల సునీత. ఒకప్పుడు నా రూమ్మేట్, ఇప్పటికీ ఆ హాస్టల్లోనే ఉంటోంది. "చాయ్ ఇద్దామని పోతే లేస్తలేదే. కుర్చీలనే ఉన్నది," అంది. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినబడలేదు. గుండె జబ్బట. చాలాకాలంగా ఉందట. ఆ సంగతి హాస్టల్లో ఒక్కరికీ తెలియదు. రోజూ నిద్రకి ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా మనసులో ఉన్నదంతా బయట పెట్టించిన మనిషి, తన గుండెలో ఏముందో చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆ వేళ నుంచి నాకు ఏడుపు ఎంత వస్తోందో కోపమూ అంతే వస్తోంది.

నేను తెనాలి నుంచి వచ్చి కొండాపూర్‌లో దిగేనాటికి అక్కడ ఇళ్ళకన్నా బండరాళ్ళే ఎక్కువ. మధ్యాహ్నం పూట రాళ్ళు పేల్చే చప్పుడుకి హాస్టల్ కిటికీలు గడగడలాడేవి. హైటెక్ సిటీలో ఆ గుండ్రటి మేడ తెరిచి ఎన్నాళ్ళో కాలేదు. ఆ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే ఆడపిల్లలం కొందరం ఆంటీ దగ్గర ఉండేవాళ్ళం. ఆంటీది మెదక్ దగ్గర ఒక పల్లె. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఎవరిదో ఇల్లు కిరాయికి తీసుకుని, కింద హాలూ వంటిల్లూ తను ఉంచుకుని, పై గదులు మాకు ఇచ్చింది. పప్పులో ఇంత కారమేమిటని మేము, గోంగూర పచ్చడి నాకేవాళ్ళకి కారం గురించి మాట్లాడే హక్కు లేదని ఆవిడ, రోజూ వాదించుకునేవాళ్ళం.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు తప్పి తలకిందులైపోతాయన్న భయం మీద మా కంపెనీ బతికేది. లోకం భయపడినన్నాళ్ళే మాకు జీతం. ఆ భయం తీరిపోయాక మా గతేమిటన్నది మా సొంత భయం. పక్క మీద వాలగానే నాకు గుండె దడదడలాడేది. ఆ రోజు సరిచేసిన ప్రోగ్రాంలో తప్పు మిగిలిపోయిందనిపించేది. ఉద్యోగం ఊడి, పెట్టె పట్టుకుని తెనాలి స్టేషన్లో దిగుతుంటే, ఎదురింటి మామ్మగారు "ఏమ్మా, సెలవు పెట్టావా?" అని అడుగుతున్నట్టు కళ్ళకి కట్టేది. తెల్లారేసరికి కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. మా వాళ్ళకి చెబితే ఉద్యోగం మానేసి రమ్మంటారని ఎవరికీ చెప్పలేదు.

ఆంటీకి మాత్రం చెప్పనక్కర్లేకపోయింది. ఒక పొద్దున నా ఇడ్లీ పళ్ళెం ముందు పెట్టి మొహంలోకి చూసి, నిద్రపోయి ఎన్నాళ్ళయిందని అడిగింది. నేను ఏదో బుకాయించబోయాను. "రాత్రి పూట బ్యాంకు బంద్, దుకాణం బంద్, నీ ఆఫీసు బంద్. నువ్వొక్కదానివే ఎందుకు తెరిచి పెట్టుకుంటున్నవ్ బిడ్డా?" అంది. ఆవిడ క్రైస్తవురాలు, రోజూ రాత్రి హాల్లో ప్రార్థన పెట్టేది. ఆ రాత్రి నన్నూ అందులో కూర్చోమంది. మొక్కమని అనలేదు. ఊరికే కళ్ళు మూసుకుని కూర్చుంటే చాలంది.

ఈ మాట ఫోన్లో చెప్పగానే మా అమ్మ కంగారు పడిపోయింది. మతంలో కలిపేసుకుంటారేమో చూసుకోమని, మర్నాడే పార్సిల్లో ఆంజనేయస్వామి పటం పంపించింది. ఆ పటానికి మేకు కొట్టడానికి సుత్తి అడిగితే, ఆంటీయే మెట్లెక్కి వచ్చి దగ్గరుండి కొట్టించింది. గోడ ఓనరుది, నాకేం అభ్యంతరం అంది. మెట్లెక్కి వచ్చాక చాలాసేపు మా మంచం మీద కూర్చుండిపోయింది. మా గదిలో గాలి బాగా వస్తుందని మెచ్చుకుంటూ కూర్చుంది కాబట్టి, మేము గాలి కోసమే కూర్చుందనుకున్నాం.

ఆవిడ ప్రార్థన పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. భోజనాలయ్యాక హాల్లో పెద్ద లైటు ఆర్పి, మూలనున్న చిన్న బల్బు ఒక్కటే ఉంచేది. చాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ముందు బైబిల్లోంచి ఒక కీర్తన చదివేది. రెండు మాటలు చదవడం, ఆగి ఊపిరి తీసుకోవడం, మళ్ళీ రెండు మాటలు. మా కుదురు కోసం కావాలనే అలా నింపాదిగా చదువుతోందనుకుని నేనూ ఆవిడతోపాటే ఊపిరి తీసుకునేదాన్ని. నాలుగు రోజుల్లో దడ తగ్గడం మొదలైంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గూ దుఃఖమూ కలిసి వస్తాయి. ఆవిడకి ఊపిరి అందక ఆగుతుంటే, ఆ ఆగడాన్ని పట్టుకుని నేను నిద్రపోవడం నేర్చుకున్నాను.

కీర్తన అయ్యాక అసలు సంగతి మొదలయ్యేది. ఎవరి బాధ వాళ్ళు దేవుడికి చెప్పుకోకూడదు. పక్కనున్న మనిషిని ఏం బాధగా ఉందని అడగాలి. ఆ మనిషి చెప్పాక, ఆ బాధని మనం మన మాటల్లో దేవుడి ముందు పెట్టాలి. అలా వంతు చుట్టూ తిరిగేది. ఎవరి గోడు వాళ్ళే చెప్పుకుంటే అది ఎంతకీ తెగదని, పక్కవాళ్ళది చెప్పాలంటే మాత్రం మనిషి కుదురుగా ఆలోచిస్తుందని ఆవిడ నమ్మకం. చెప్పేశాక ఇక ఆ రాత్రికి దాని ఊసెత్తకూడదు. పైకి పోయి మళ్ళీ గుసగుసలు మొదలుపెడితే కింద నుంచి కేక వినబడేది. "పరేషాన్‌గానికి కుర్చేసి చాయ్ పోస్తే వాడు పోతడా?" అని, దిగులునే ఒక మనిషిని చేసి.

మా కంపెనీలో కొందరిని ఇంటికి పంపించేసిన రోజు నాకు బాగా గుర్తు. మర్నాడు నా పేరే ఉంటుందని ఖాయం చేసుకుని వచ్చాను. అన్నం ముట్టలేదు. వంతు నా దాకా వచ్చింది. సునీత నా బాధ అడిగి, కళ్ళు మూసుకుని, తనకి తోచినట్టు చెప్పింది. "ప్రభువా, దీని ఉద్యోగం ఉంచు. ఉంచకపోయినా దీన్ని మాత్రం ఉంచు." సునీతదీ మాలాగే గుడికెళ్ళే ఇల్లే. అలా మొక్కడం దానికీ కొత్తే. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. ఆంటీ నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది. ఆ రాత్రి నేను ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఉద్యోగం పోలేదు గాని, పోయినా బతుకుతానన్న ధైర్యం ఆ చాప మీదే వచ్చింది.

చిట్టచివరి వంతు ఆంటీది. ఆవిడ పక్కన కూర్చునేది నేను గనక అడగాల్సింది నేను. "మీకేం బాధగా ఉందండీ ఆంటీ?" అని అడిగేదాన్ని. "నాకేమున్నది, రేపు నీళ్ల ట్యాంకర్ రావాలె," అనేది. కొండాపూర్‌లో నీళ్ళ కరువు ఎంతటిదో అక్కడున్నవాళ్ళకి తెలుసు. మొదట్లో మేము నిజంగానే భక్తితో ట్యాంకర్ కోసం ప్రార్థించాం. పోనుపోను అదొక వేళాకోళం అయింది. ఆవిడ నోరు తెరవకముందే అందరం కలిసి "ట్యాంకర్" అనేవాళ్ళం. ఆవిడా నవ్వేది. నవ్వుతూనే ఆమెన్ అనేసి, చాపలు ఎత్తించేది.

అది ఆవిడ గీసుకున్న గీత అని మాలో ఎవరికీ తట్టలేదు. అందరి బాధలూ వినే మనిషికి బాధలుండవని మేమే అనుకున్నాం. ఆవిడ మంచం ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. హాల్లో, తలుపు దగ్గర, కేన్ కుర్చీలో కూర్చునే కునుకు తీసేది. ఆలస్యంగా వచ్చేవాళ్ళని పట్టుకోవడానికే అక్కడ కాపలా ఉంటుందని హాస్టల్లో అందరి తీర్మానం. "ఆంటీకి జీతం లేని వాచ్‌మన్ ఉద్యోగం" అని జోకులు వేసుకునేవాళ్ళం. పడుకుంటే ఊపిరాడదని, అందుకే కూర్చుని ఉంటోందని అప్పుడు ఎవరైనా చెప్పినా నమ్మేవాళ్ళం కాదేమో.

పెళ్ళయి నేను లింగంపల్లికి మారాను. మొదట్లో ఆదివారాలు వెళ్ళేదాన్ని. తర్వాత అదీ తగ్గింది. కిందటిసారి వెళ్ళినప్పుడు సీతాఫలాలు తీసుకెళ్ళాను. గేటు తీయడానికి వచ్చి, తిరిగి హాల్లోకి వెళ్ళేసరికి గోడ పట్టుకుని నిలబడింది. ఏమిటండీ అంటే వయసు అంది. సరేననుకున్నాను. నిద్ర బాగా పడుతోందా అని నన్నే అడిగింది. బాగానే పడుతోందని చెప్పాను. ఆ మాటకి ఆవిడ మొహం ఎంత విప్పారిందో ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. మీకు పడుతోందా అని ఎదురు అడగడం నాకు తోచనేలేదు.

భూస్థాపన రోజు హాస్టల్ గేటుకి ఒక కాగితం అంటించారు. ఆవిడ ప్రభువునందు నిద్రించిందని దాని మీద రాసి ఉంది. వాళ్ళలో అలాగే రాస్తారని నాకు తెలుసు. అయినా ఆ మాట దగ్గర నిలబడి చదవలేకపోయాను. సమాధుల తోటలో పెట్టె దింపి మట్టి వేశాక, ఆవిడ అక్క మా దగ్గరికి వచ్చింది. మెదక్ వైపు పల్లెలో పొలం పని చేసుకునే మనిషి, పోలికలు అచ్చం ఆంటీవే. మా చేతులు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. అప్పుడే మాకు అసలు విషయం తెలిసింది.

"ఆపరేషన్ జేయాలని దవాఖానల ఎప్పుడో చెప్పిండ్రు బిడ్డా. కోస్తరంటే దానికి మస్తు భయం. పిల్లలకు జెప్పకు, వాళ్ళు నా మొహం జూసి పండుకుంటున్నరు అన్నది."

అదీ ఆవిడ అసలు బాధ. భయం. మా అందరికీ ఉన్నటువంటిదే. కోతంటే భయం. మాలో ఎవరికైనా ఆ భయం ఉంటే, ఆవిడ చాప మీద కూర్చోబెట్టి, చెప్పించి, మర్నాడు ఆటో ఎక్కించి దవాఖానకి తీసుకెళ్ళి ఉండేది. ఆవిడ పద్ధతిలో తప్పేమీ లేదు. ఆ పద్ధతిలో తనకీ ఒక చోటుందని మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. ఒప్పించేంత పట్టు మాకూ లేకపోయింది. మందులు వేసుకోమని పోరడానికి అంతమంది ఆడపిల్లలం ఉన్నాం ఆ ఇంట్లో. మాకు ఆ చనువు ఉందని ఆవిడకి తెలియదా అని ఇప్పటికీ నాలో నేను దెబ్బలాడుకుంటూ ఉంటాను.

కొన్నాళ్ళకి హాస్టల్ హాల్లోనే, అయినవాళ్ళని ఓదార్చడానికి ఆదరణ కూడిక పెట్టారు. పాటలు, వాక్యం, అందరికీ చాయ్, బిస్కెట్లు. అయ్యాక పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ ఆవిడ కోసం సరైన ప్రార్థన ఒక్కటీ చెయ్యలేదని, ఇవాళ నా నోటితో చెయ్యాలని ఉందని అడిగాను. ఆయన నెమ్మదైన మనిషి. నన్ను కూర్చోమన్నారు.

"పోయినవాళ్ళ కోసం మేం ప్రార్థన చెయ్యమమ్మా. వాళ్ళు ఆయన దగ్గరికి చేరిపోయారు. ఉన్నవాళ్ళ కోసమే చేస్తాం," అన్నారు.

మా ఇళ్ళల్లో మనిషి పోయాక కూడా చెయ్యాల్సినవి ఎన్నో మిగులుతాయి. పిండాలుంటాయి, మాసికాలుంటాయి, ఏటేటా తద్దినం ఉంటుంది. బతికుండగా చెయ్యలేకపోయిన దానికి ఎంతో కొంత తీర్చుకునే దారి ఉంటుంది. ఆ దారి ఇక్కడ కూడా ఉంటుందని నా అంతట నేనే అనుకుని వచ్చాను. లేదు. ఆంటీ కోసం చెయ్యాల్సిన ప్రార్థనకి గడువు ఆ చాప మీదే, మేము నవ్వుకుంటూ ఉండగానే అయిపోయింది. ఆయన మీద కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజమని అర్థమైంది.

బంధువులు వెళ్ళిపోయాక సునీత చాపలు పరిచింది. ఎవరూ అనుకున్నది కాదు. ఆ వేళకి ఒళ్ళు అలా అలవాటు పడిపోయింది. చిన్న బల్బు ఒక్కటి ఉంచారు. కీర్తన ఒక కొత్త అమ్మాయి చదివింది, చాలా తొందరగా. ఆంటీ కూర్చునే చోట వాళ్ళ అక్కని, పెద్దమ్మని, కూర్చోబెట్టాం. వంతు తిరిగింది. అందరికీ ఒకే బాధ. చివరికి నా దాకా వచ్చింది.

పెద్దమ్మ చెయ్యి పట్టుకుని ఆవిడకేం బాధగా ఉందని అడిగాను. కొంగుతో మొహం తుడుచుకుని, తనకేమీ లేదని, మేము చల్లగా ఉంటే చాలని అంది. మామూలుగా అయితే అక్కడ మేము కళ్ళు మూసుకునేవాళ్ళం. ఒక మంచి మాట చెప్పి, ఆమెన్ అనేసి లేచేవాళ్ళం. నేను కళ్ళు మూసుకోలేదు. చెయ్యి కూడా వదల్లేదు. ఇంకేమీ అడగలేదు కూడా, ఊరికే ఆవిడ వైపు చూస్తూ కూర్చున్నాను. ఆలస్యమవుతోందని ఒకరిద్దరు కళ్ళు తెరిచి చూశారు. ఆవిడ చాప అంచు పీకుతూ కూర్చుంది. చాలాసేపటికి తల ఎత్తకుండానే అంది.

"పండుకుంటే ఊపిరాడుత లేదు బిడ్డా. దానికి గూడ గిట్లనే షురూ అయింది."

ఎవరూ ఆమెన్ అనలేదు. సునీత లేచి పెద్ద లైటు వేసింది. ఇంకొకరు ఆటో కోసం చెప్పుల్లేకుండానే రోడ్డు మీదికి పరిగెత్తారు. ఆ వెలుగులో పెద్దమ్మ కళ్ళు చికిలించుకుని మా అందరి మొహాలూ చూస్తూ, ఇప్పుడే ఎందుకు, పొద్దున పోదామంటోంది. మేము అప్పటికే ఆవిడని రెండు పక్కలా పట్టుకుని లేపుతున్నాం.