నడుముకు దోపుకున్న బొమ్మ

ఉద్యోగకాలమంతా నా చేత ఏ ఆయుధమూ పట్టించకుండానే నన్ను కాపాడిన దేవునికి ముందుగా స్తోత్రం. ఆయన కృప వల్లనే ఇది రాయడానికి మిగిలాను.

కోవిడ్ ఆంక్షలు తొలగి, మన పిల్లలు చదువుల కోసం కెనడాకు వెల్లువలా వచ్చిన రోజులవి. ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో నన్ను మిస్సిసాగా పార్కుల గస్తీకి వేశారు. నా హోదా బైలా ఆఫీసరు. అంటే నగరం చేసుకున్న నిబంధనలు అమలు చేసేవాణ్ణి, పోలీసును కాను. యూనిఫాం, రేడియో ఉంటాయి, తుపాకీ ఉండదు. కుక్కను తాడు లేకుండా వదిలినవాళ్లకు, అనుమతి లేనిచోట పొయ్యి వెలిగించినవాళ్లకు జరిమానా టికెట్టు రాయడమే రోజువారీ పని. పార్కులోకి తుపాకీ తేకూడదన్న నిబంధనా ఉంది. ఎయిర్‌గన్, బొమ్మ తుపాకీ కూడా అందులోకే వస్తాయి. దూరం నుంచి చూసేవాడికి తేడా తెలియదు గనుక.

ఒక శనివారం మధ్యాహ్నం ఫిర్యాదు వచ్చింది. పిక్నిక్ షెడ్డు దగ్గర ఒక యువకుడు నడుముకు తుపాకీ దోపుకుని బాహాటంగా తిరుగుతున్నాడట. ఇలాంటి కబురు వస్తే మా పద్ధతి ఒకటే: పోలీసులకు చెప్పాలి, జనాన్ని దూరంగా పంపాలి, మనం దగ్గరికి వెళ్లకూడదు. మా సూపర్‌వైజర్ రేడియోలో అదే మరోసారి గుర్తుచేసింది. పోలీసులు అప్పటికే బయల్దేరారు.

పిల్లల తల్లులను వెనక్కి పంపి, కారు అడ్డంగా పెట్టి, తలుపు వెనక నిలబడ్డాను. షెడ్డు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు మోకాళ్ల మీద ఉన్నాడు. నాకు వీపు పెట్టి నిలబడ్డ రెండోవాడు తెలుగులో అరుస్తున్నాడు.

"మా అన్న జోలికొస్తే ఇక్కడే పాతేస్తా!"

చెట్టుకు ఆనించిన ఫోను చూసి షార్ట్ ఫిల్మేమో అనుకున్నాను. కానీ నిజంగా బెదిరిస్తూ వీడియో తీసుకునేవాళ్లూ ఉంటారు. నా భాష వినబడినంత మాత్రాన అనుమానం తగ్గించుకోవడానికి లేదు.

అరిచినవాడు ఇటు తిరిగాడు. మా తెలుగు చర్చి సంఘంలో గిటారు వాయించే ప్రదీప్. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ కాలేజీలో చదువుతున్నాడు. నన్ను చూసి ముఖం చేటంత చేసుకున్నాడు.

"ప్రైజ్ ద లార్డ్ అంకుల్! మీరేంటి ఇక్కడ? మేం షూటింగ్ చేస్తన్నాం!"

"అక్కడే ఆగు."

"అయ్యో, ఇదా? బొమ్మ అంకుల్. చూపిస్తా ఉండండి," అంటూ నా వైపే నడుస్తూ చెయ్యి నడుము దగ్గరికి పోనిచ్చాడు.

పెద్దవాళ్లు అడిగితే ఉన్నది తీసి చేతికివ్వడం మన పెంపకం. ఇక్కడ పోలీసుల ముందు ఆ కదలికకు అర్థం వేరు. వాళ్ల కారు నా వెనక ఆగింది; తలుపులు తెరుచుకున్న చప్పుడు విన్నాను.

"ప్రదీప్! ముట్టుకోకు! చేతులు పైకెత్తు!" సంఘంలో ఎన్నడూ వాడని గొంతుతో అరిచాను. వెనక నుంచి అవే మాటలు ఇంగ్లీషులో వచ్చాయి.

"ఏంటంకుల్, నన్నే నమ్మట్లేదా? మొన్న ఆదివారం మీ పక్కనే కూర్చున్నా కదా," అన్నాడు ఏడుపు గొంతుతో. చెయ్యి ఇంకా నడుము దగ్గరే ఉంది.

మోకాళ్ల మీదున్న అతని స్నేహితుడు సాయి, వరంగల్ కుర్రాడు, కసిరాడు. "అరేయ్, చేతులు లేపురా బై! అలిగెటందుకు ఇదా టైము?"

చేతులు లేచాయి.

పోలీసు దాన్ని తీసుకుని విప్పి చూశాడు. ఎయిర్‌గన్. లోపల సీసపు గుండు ఉంది. రూమ్మేటు దగ్గర అడిగి తెచ్చారట. బొమ్మేనని ఆ రూమ్మేటు అంటే వీళ్లిద్దరూ నమ్మారు. తర్వాతి షాట్ ఏమిటని అడిగాను.

"నా కంటికి ఆనిచ్చి ట్రిగ్గర్ నొక్కుడు అంకుల్," అన్నాడు సాయి. ఆ మాట విని ప్రదీప్ గడ్డి మీద కూలబడ్డాడు.

పోలీసులు విచారించి, నేరం మోపకుండా ఎయిర్‌గన్ పట్టుకుపోయారు. పార్కు నిబంధన మీరినందుకు టికెట్టు నేనే రాశాను. సంఘస్థుడని వదల్లేదు. చాలా వారాలు ప్రదీప్ ప్రార్థన అయ్యాక నాకు కనబడకుండానే వెళ్లిపోయేవాడు.

ఆ మధ్యాహ్నం నాకు తెలిసిందిది: మనిషి అబద్ధం చెప్పకపోయినా అతని మాట తప్పు కావచ్చు. విప్పి చూసేదాకా ఏ తుపాకీనీ బొమ్మ అనుకోకూడదు, తెచ్చినవాడు ఎవడైనా సరే.

చదువుతున్న మీరు ఒక్క నిమిషం తల వంచి నాతో ప్రార్థించండి. ప్రభువా, పరాయి నేల మీద తిరిగే మా పిల్లల చేతులను కాయుము. వాళ్లు నమ్మిన మాటల నుంచి కూడా వాళ్లను తప్పించుము. ఆమేన్.