గుమ్మడికాయలో ఎర్ర వెలుతురు

తార్నాకలో నేను అద్దెకున్న ఇంటావిడకు నేను పనికొచ్చింది ఒక్క విషయంలోనే. ఆ ఇంట్లో మగవాళ్లు లేరు. నిండు గుమ్మడికాయకు మొదటి కత్తి ఆడవాళ్లు వేయకూడదు. అందుకని కాయ కొన్నప్పుడల్లా "ఓ సైన్సు సారూ, జర గీడికి రా" అని కేక వేసేది. నేను వెళ్లి ఒక్క వేటు వేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు చేతులు దులుపుకునేవాణ్ణి. నా చదువుకు ఆ ఇంట్లో అంతకు మించి గిరాకీ లేదు.

అవి అరవైల చివరి రోజులు. యూనివర్సిటీలో నా పరిశోధన, గాజుపోగుల గుండా ఒంట్లోకి వెలుతురు పంపడం. ఒక రంగుమందు కణితిలో చేరుతుందని, దాని మీద ఎర్ర వెలుతురు పడితే కణితి చావొచ్చని మా ప్రొఫెసరుగారి ఆశ. ఆ వెలుతురు లోపలికి వెళ్లేదెలా? గాజుకడ్డీని మంట మీద మెత్తబడేదాకా కాల్చి, ఒక కొస పట్టుకుని వరండాలో పరుగు తీసేవాణ్ణి. వెనకాల పోగు సాగేది. చూసేవాళ్లు నాకు పిచ్చెక్కిందనుకునేవారు. విరగ్గా మిగిలిన పోగుల్ని కట్టగట్టి ఒక కొసన బల్బు పెడితే రెండో కొస మినుకుమినుకుమనేది. దాన్ని చూసి తెగ మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడే ఇంటావిడ గొంతులో గడ్డ తేలింది. వచ్చే మంగళవారం నుంచే కరెంటు పెట్టాలి, ఆలస్యం పనికిరాదు అన్నారు ఆసుపత్రిలో. రేడియేషన్‌ని అందరూ కరెంటనే అనేవారు. ఒకసారి స్విచ్చి దగ్గర షాకు తిన్న ఆవిడ ఆ మాటకే బిగుసుకుపోయింది.

"గొంతుల కరెంటు పెడ్తరట. నీది లైటే కద బిడ్డా, షాకు కొట్టదు కద?"

"కొట్టదు పెద్దమ్మగారూ" అన్నాను. అక్కడితో నోరు మూసుకుంటే పోయేది. "కావాలంటే చూపిస్తాను" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టాను. ఇరుగుపొరుగు ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. గుమ్మడికాయకు కన్నం పెట్టి పోగుల కట్ట దూర్చి, బల్బు ముందు ఎర్రగాజు నిలబెట్టాను. కాయ పొట్ట మీద అర్ధరూపాయి బిళ్లంత మేర ఎర్రగా వెలిగింది. అందరూ నోళ్లు వెళ్లబెట్టారు. ఎవరో కాయకు బొట్టు కూడా పెట్టారు.

"గంతే! మంగళారం దవాఖానకు పోను. నీ లైటు తయారైనంక గదే పెట్టించుకుంట" అంది ఇంటావిడ.

నా నవ్వు ఆగిపోయింది. ఆ వెలుగులో మోసం ఉంది. కట్టను నడిమికి పంపితే గుజ్జు వెలుతురంతా మింగేస్తుంది, బయటికేమీ కనిపించదు. అది ముందే చూసుకుని, ఏటవాలుగా దూర్చి తొక్కకు అంటీ అంటనట్టు ఆపాను. చప్పట్ల కోసం చేసిన పని అది. నా గొప్పకు ఆవిడ ప్రాణం పోతుందేమోనని నిజంగా భయపడ్డాను.

సోమవారం పొద్దున్నే బొట్టుతో సహా కాయను ఆవిడ ముందుకు తెచ్చి, కన్నం మీదుగా ఒక్క వేటు వేశాను.

"చూడండి, నా లైటు ఇంతవరకే వెళ్లింది. గింజల దగ్గరికి కూడా పోలేదు. మీకు కనబడాలని తొక్క పక్కన పెట్టాను. అది మందెప్పుడవుతుందో నాకే తెలీదు. రేపు ఆసుపత్రికి పోదాం."

ఆవిడ ఒక చెక్కను చేతిలోకి తీసుకుని కన్నం వెంట వేలు పెట్టి చూసింది.

"మరి గంతమంది ముంగట ఎందుకు జేసినవ్?"

"గొప్ప కోసం."

తర్వాత తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. అన్నీ నాకు తగినవే.

మంగళవారం వెంట వెళ్లాను. గది లోపలికి పోతూ "షాకు కొట్టిందో, నీ సామాను రోడ్డు మీదుంటది" అంది. కాసేపటికి అయోమయంగా బయటికొచ్చింది. "ఏం తెల్వలే బిడ్డా. లైటు గూడ కనవడలే."

వారాలపాటు అలా తిరిగాం. గడ్డ కరిగింది, గొంతు మాత్రం బొంగురుపోయింది. నా పోగులు ఎవరి గొంతులోకీ వెళ్లలేదు. థీసిస్‌లోకి వెళ్లాయి, అంతే.

చాలా నెలల తర్వాత ఒక పొద్దున ఆ బొంగురు గొంతే "ఓ సైన్సు సారూ" అని కేక వేసింది. వెళ్తే ఎదురుగా కొత్త గుమ్మడికాయ. ఆవిడ కత్తి నా చేతిలో పెట్టింది.

"ఈసారి నడిమిదాంక పోనియ్యి."