చెల్లెలికి పంపిన మెటికలు

హుస్నాబాద్ నుంచి సిద్దిపేటకు బస్సులో వస్తూ, ఫోన్లో మా చెల్లెలి కబడ్డీ ఫైనల్ చూస్తున్నాను. పక్కన కూర్చున్న పెద్దావిడ నా భుజం మీద గడ్డం ఆనించి ఫోన్లోకి చూడసాగింది. ఎవరైనా తగిలితేనే నాకు చిరాకు. కిటికీ వైపు జరిగాను. ఆమె కూడా జరిగింది.

"గా రెండు జడల పిల్ల ఎవలు బిడ్డా?"

"మా చెల్లె."

వెంటనే నా చెవిలోంచి ఒక ఇయర్‌ఫోన్ లాగి తన చెవిలో పెట్టుకుంది. నేను వద్దనేలోపే చెల్లెలు చివరి కూతకు వెళ్లింది. రెండు జట్ల పాయింట్లూ సమానం. ముగ్గురు మీద పడి పట్టేశారు. మధ్య గీత బెత్తెడు దూరంలో ఉంది.

"చెయ్యి చాపు పిల్లా, చెయ్యి చాపు," అని అరుస్తూ ఆమె నా మణికట్టు పట్టి ముందుకు లాగింది. నేనూ అరిచాను. బస్సంతా మావైపు తిరిగింది. చెల్లెలి వేళ్లు గీతను తాకాయి. నేనే పెద్దావిడను గట్టిగా వాటేసుకున్నాను.

తన ఊరు రాగానే ఆమె లేచి, నా చెంపలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది.

"గిది నీకు గాదు, నీ చెల్లెకు. ఇంటికి పోయినంక ఇయ్యి," అని దిగిపోయింది.

సాయంత్రం చెల్లెలు వచ్చీ రాగానే గడపలోనే ఆపి, చెంపలు నిమిరి మెటికలు విరిచాను. నేనలా ముట్టుకోవడం దానికి కొత్త.

"ఏందక్కా గిది?"

"బస్సుల ఒకామె పంపింది," అన్నాను.