ముఖాల్లేని ఫోటో

మా బావమరిదికి సంగారెడ్డిలో ఫోటో స్టూడియో ఉండేది. పెండ్లి ఫోటోలు పొట్ట కోసం. తన కోసం మాత్రం పటాన్‌చెరు ఫ్యాక్టరీల గేట్ల దగ్గర కార్మికులను వెనుక నుంచి తీసేవాడు. "ముఖముంటే జనం ముఖమే చూస్తరు బావా. వీపు మీద పని కనబడ్తది," అనేవాడు. హైదరాబాదులో ఒక ప్రదర్శనకు అవి కావాలని అడిగారు కూడా.

ఎమర్జెన్సీ నాటి ఎండాకాలం. మా ఫ్యాక్టరీ కార్మికులు కొందరు పని ఆపి గేటు ముందు నిలబడ్డారు. జీపు చప్పుడుకు చెదిరిపోయారు. వాళ్లెవరో సెక్యూరిటీ ఆఫీసరుకు తెలియలేదు. వాళ్లను వెనుక నుంచి ఫోటో తీసిన మా బావమరిది మాత్రం దొరికాడు. ఫిల్ము కడిగి రేపు తెమ్మన్నాడు ఆఫీసరు. ఆ రోజుల్లో పేరు బయటపడితే ఉద్యోగంతో పోయేది కాదు, మనిషి జాడే తెలిసేది కాదు.

సాయంత్రం బావమరిది కడిగిన ఫిల్ము, ఫోటో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

"ముఖాలే లేవు గదా బావా, ఇచ్చేస్త."

నాకు లెక్కలు ఎవరూ నేర్పలేదు కానీ, దేన్నయినా కొలవకుండా చూడలేను. గేటు గోడ ఇటుకలను బట్టి ఒక్కొక్కరి ఎత్తూ లెక్కకట్టవచ్చు. ఎత్తు తెలిస్తే మనిషిని పట్టుకోవచ్చు. ఇంతలో మా ఆవిడ తొంగిచూసింది.

"గీయన మన పక్కింటన్న గాదు? ఆ అంగీకి మాసిక నేనే ఏసిన."

గోడకవతల ఆయన పిల్లలు ఆడుకుంటున్నారు. బావమరిది ఫోటోను బోర్లా పెట్టాడు.

"అక్కా, నీళ్లు కాగబెట్టు," అన్నాడు చివరికి.

బట్టల సోడా కలిపిన వేడినీళ్లలో ఫిల్ము మీది మందంతా జిగురులా ఊడివచ్చింది. ఉత్త పట్టీ మిగిలింది. ఫోటోను పొయ్యిలో పెట్టాడు.

మర్నాడు, నేను లారీలు తూచే కాంటా పక్కనున్న గేటు గదిలోంచి ఆఫీసరు, బావమరిది మాటలు వినిపించాయి.

"ఏందిది?"

"ఎండకు నీళ్లు వేడెక్కినయి సార్. మందు కారిపోయింది."

"పెండ్లి ఫోటోలు గూడ కారినయా, గిదొక్కటేనా?"

కాంటా ముల్లు నిలబడింది. రెండుసార్లు చదివినా బరువు నా తలకెక్కలేదు.

"నిన్న గిదొక్కటే కడిగిన సార్."

"గిసొంటోనికి కెమెరా ఎవడిచ్చిండు? మల్ల గేటు కాడ కనబడు, చెప్త."

పక్కింటాయన ఎప్పటిలాగే డ్యూటీకి పోయాడు. బావమరిది మాత్రం స్టూడియో మూసి, మనుషుల్ని తీయడమే మానేశాడు. ఇప్పుడు తీసేవి కంచెకు వేలాడే టిఫిన్ డబ్బాలు, ఖాళీ బెంచీలు, విడిచిన చెప్పులు. ప్రదర్శనల్లో అదే అతని శైలి అంటున్నారు. ఎవరైనా అడ్డం వస్తే కెమెరా దించేస్తాడు.

ఎమర్జెన్సీ పోయాక ఒకరోజు బావమరిది మా ఇంటికి వస్తే పక్కింటాయన, ఇంటిల్లిపాదికీ ఒక ఫోటో తీయమన్నాడు.

"కెమెరా ఖరాబైంది అన్నా."

"మరి భుజానికున్నదేంది, సద్ది గిన్నెనా?" అని ఆయన నవ్వాడు.

బావమరిది బస్సుకు టైమైందని లేచాడు.